ఒక్క ఆట ఓడితే ఏడాది పోదు

రాత్రి ఎనిమిది గంటలు. సోమందేపల్లెలో మా రాత్రి బడి. శెనక్కాయ పనుల నుంచి వచ్చి, సంగటి చేసి, పిల్లలకు పెట్టి, అక్కలు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అది పేపరు చదివే రోజు. వారానికి ఒకసారి మేము పేపర్లు పంచుకుని చదువుతాం. ముందు పెద్ద అక్షరాలు. తర్వాత చిన్న అక్షరాలు.

ఒక అక్క జిల్లా పేజీ పట్టుకుని చాలాసేపు చూస్తోంది. ఆమె కూతురు డిగ్రీ చదువుతోంది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంది. అక్క వేలు ఒక చోట ఆగింది. "మూడు... గీత... సున్న" అని చదివింది. తర్వాత నా వైపు చూసింది.

"టీచరమ్మా, మా పాపోళ్లు మూడు, సున్నతో ఓడిపోయినారు. ఇంట్లో ఆయన ఇంక ఆట చాలించమంటాడు. ఓడిపోయేదానికి బస్సు ఛార్జీలు ఎందుకు అంటాడు. పక్కింటోళ్లు పెండ్లి చేసేయండి అంటారు. ఇంకా రెండు ఆటలు ఉండాయంట. పాపను పంపేదా, వద్దా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "అక్కా, ఓడిపోయినాక కూడా ఇంకా రెండు ఆటలు ఎందుకున్నాయో ముందు తెలుసుకుందాం. తర్వాత నువ్వే చెబుదువు" అన్నాను. ఆ రాత్రి బోర్డు మీద మేము రాసుకున్నదే ఈ పాఠం.

ఆట ఎలా ఆడతారు?

ఫుట్‌బాల్‌ను తెలుగులో కాలిబంతి అని కూడా అంటారు. ఒక్కో జట్టులో 11 మంది ఆడతారు. గ్రౌండుకు రెండు కొసల రెండు గోలు స్తంభాల జతలు ఉంటాయి. ఒక్కో గోలు 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. అంటే మన ఇంటి వాకిలి కంటే చాలా పెద్దది. అవతలి జట్టు గోలులోకి బంతిని పంపితే ఒక గోల్.

బంతిని చేత్తో తాకకూడదు. కాలితో తన్నవచ్చు. తలతో కొట్టవచ్చు. గోలు ముందర నిలబడే పిల్ల ఒక్కతే చేత్తో పట్టుకోవచ్చు. అదీ తన గోలు ముందర గీసిన గీతల లోపలే. ఆమెను గోల్‌కీపర్ అంటారు.

పెద్దల ఆట 90 నిమిషాలు. 45 నిమిషాలు ఆడి, కొంచెం సేపు ఆగి, మళ్లీ 45 నిమిషాలు ఆడతారు. తప్పు ఆట ఆడితే రిఫరీ ఈల వేస్తారు. మోటుగా ఆడితే పసుపు కార్డు చూపిస్తారు. అది హెచ్చరిక. ఎర్ర కార్డు చూపిస్తే ఆ పిల్ల బయటికి వెళ్లాలి. ఆమె బదులు ఇంకొకరు రాకూడదు. మిగిలిన 10 మందే ఆడాలి.

కాబట్టి ఇది ఒక్కరి ఆట కాదు. ఒక పిల్ల మధ్యలో మానేస్తే మిగతా పిల్లల మీద బరువు పడుతుంది. కాలేజీలో ఆడే అమ్మాయిలు తక్కువ. చాలా కాలేజీల్లో జట్టుకు 11 మందిని కూడగట్టడమే కష్టం. మన పాపను ఇంట్లో కూర్చోబెడితే ఆగేది పాప ఆట ఒక్కటే కాదు. ఒక్కోసారి జట్టే ఆగిపోతుంది.

కాలేజీ జట్టు ఏడాది ఎలా నడుస్తుంది?

సేద్యానికి ఒక కారు ఉన్నట్టే ఆటకూ ఒక కాలం ఉంటుంది. దాన్ని సీజను అంటారు. దుక్కి, విత్తనం, కలుపు, కోత అన్నట్టు అందులోనూ మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు కాలేజీలోనే. కాలేజీలో ఆటలు చూసుకునే వారిని పీడీ సారు, పీడీ మేడం అంటారు. వాళ్లు నోటీసు బోర్డులో కాగితం అంటిస్తారు. ఆసక్తి ఉన్న పిల్లలు పేరు ఇస్తారు. పొద్దున్నే, సాయంత్రం పూట ప్రాక్టీసు చేస్తారు. మన సీమ ఎండలో మధ్యాహ్నం పరిగెత్తడం మంచిది కాదు.

రెండో మెట్టు కాలేజీల మధ్య పోటీ. మన ప్రాంతంలోని డిగ్రీ కాలేజీలు చాలావరకు అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. ఈ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడింది. దాని కింద ఉన్న కాలేజీల జట్లు ఒక చోట చేరి ఆడతాయి. ఇది చిన్న పోటీయే. దేశమంతా చూసేది కాదు. పేపర్లో నాలుగు వరుసలు వస్తే గొప్ప. కానీ పెద్ద పోటీలకు దారి ఇక్కడే మొదలవుతుంది.

మూడో మెట్టు విశ్వవిద్యాలయ జట్టు. కాలేజీల పోటీలో బాగా ఆడిన వారిని ఏరుతారు. ఏరేటప్పుడు ఏ జట్టు గెలిచింది అని మాత్రమే చూడరు. ఏ పిల్ల ఎలా ఆడింది అని కూడా చూస్తారు. ఓడిన జట్టులో ఉన్న పిల్లకు కూడా చోటు దొరకవచ్చు. కానీ గ్రౌండుకు రాని పిల్లను ఎవరూ ఏరలేరు.

నాలుగో మెట్టు దక్షిణ మండలం పోటీ. దాన్ని సౌత్ జోన్ అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ విశ్వవిద్యాలయాల జట్లు ఇందులో ఆడతాయి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఈ పోటీలు నడుపుతుంది. ఈ సంఘం 1925 నుంచి ఉంది. సౌత్ జోన్‌లో ముందు వచ్చిన జట్లు అఖిల భారత పోటీకి వెళ్తాయి.

నాకౌట్ వేరు, లీగు వేరు

పోటీని రెండు రకాలుగా నడపవచ్చు.

ఒకటి నాకౌట్. ఓడిన జట్టు వెంటనే ఇంటికి పోతుంది. 8 జట్లు ఉన్నాయనుకోండి. ఒక్కో ఆటకు ఒక జట్టు వెళ్లిపోతుంది. 7 ఆటలకు 7 జట్లు వెళ్లిపోతాయి. చివరికి మిగిలిన జట్టు గెలిచినట్టు.

రెండోది లీగు. ఇందులో ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఆడుతుంది. ఒక ఆట ఓడినా ఇంటికి పంపరు. అన్ని ఆటలూ అయ్యాక లెక్క చూస్తారు. ఎవరికి ఎక్కువ పాయింట్లు ఉంటే వారిది మొదటి స్థానం.

జట్లు ఎక్కువగా ఉంటే ముందు నాకౌట్ పెట్టి, చివరికి మిగిలిన నాలుగు జట్లకు లీగు పెడతారు. మన అక్క కూతురు ఆడిన పోటీకి అమ్మాయిల జట్లు నాలుగే వచ్చాయి. అందుకని మొదటి నుంచీ లీగు పెట్టారు. ఓడిపోయాక కూడా రెండు ఆటలు ఉన్నది అందుకే.

పాయింట్ల లెక్క

లెక్క చాలా తేలిక. పొదుపు సంఘం పుస్తకం రాసేవారికి ఇది ఒక లెక్కే కాదు.

గెలిస్తే 3 పాయింట్లు.
ఇద్దరికీ సమానంగా గోల్స్ వస్తే చెరి 1 పాయింటు. దీన్ని డ్రా అంటారు.
ఓడితే 0.

పూర్వం గెలిస్తే 2 పాయింట్లే ఇచ్చేవారు. 1994 ప్రపంచ కప్పులో గెలుపుకు 3 పాయింట్లు ఇచ్చారు. ఇప్పుడు లోకమంతా అదే లెక్క.

ఆ రాత్రి నేను బోర్డు మీద నాలుగు జట్లు రాశాను. మనకు తెలిసిన అక్షరాలే పేర్లుగా పెట్టాను. అ జట్టు, ఆ జట్టు, ఇ జట్టు, ఈ జట్టు. ఇవి ఊహించుకున్న జట్లు. నలుగురూ ఒకరితో ఒకరు ఆడితే మొత్తం 6 ఆటలు.

మొదటి రోజు: అ 3 – ఇ 0. ఆ 1 – ఈ 1.
రెండో రోజు: ఇ 2 – ఈ 0. ఆ 1 – అ 0.
మూడో రోజు: ఇ 1 – ఆ 0. అ 0 – ఈ 0.

"మొదటి రోజు చూసి చెప్పండి, ఎవరు గెలుస్తారు?" అని అడిగాను. అందరూ "అ జట్టు" అన్నారు. "ఇ జట్టు పని అయిపోయింది" అన్నారు. తర్వాత అందరం కలిసి పట్టిక నింపాము.

జట్టు | గెలుపు | డ్రా | ఓటమి | వేసిన గోల్స్ | ఇచ్చిన గోల్స్ | పాయింట్లు
ఇ | 2 | 0 | 1 | 3 | 3 | 6
అ | 1 | 1 | 1 | 3 | 1 | 4
ఆ | 1 | 1 | 1 | 2 | 2 | 4
ఈ | 0 | 2 | 1 | 1 | 3 | 2

చూశారా? మొదటి రోజు మూడు గోల్స్ తేడాతో ఓడిన ఇ జట్టే చివరికి మొదటి స్థానంలో ఉంది. ఆ రోజే వాళ్లు బస్సెక్కి ఇంటికి వచ్చేసి ఉంటే?

ఇంకొకటి చూడండి. అ జట్టుకు 4 పాయింట్లు. ఆ జట్టుకు కూడా 4 పాయింట్లు. మరి ఎవరిది రెండో స్థానం? అప్పుడు గోల్స్ తేడా చూస్తారు. వేసిన గోల్స్ నుంచి ఇచ్చిన గోల్స్ తీసివేయాలి.

అ జట్టు: 3 – 1 = 2.
ఆ జట్టు: 2 – 2 = 0.

అ జట్టుకు 2 ఎక్కువ. కాబట్టి దానికి రెండో స్థానం. ఓడిపోయే ఆటలో కూడా చివరి నిమిషం దాకా గోలు కాపాడుకోవాలి. అవతలి జట్టుకు ఇంకో గోల్ ఇవ్వకపోతే అదే తర్వాత కలిసి రావచ్చు. పోటీని బట్టి సమానం వచ్చినప్పటి నియమాలు కొంచెం మారుతాయి. ముందే చెబుతారు.

మన ప్రాంతంలో ఫుట్‌బాల్

ఈ ఆట మనకు కొత్త కాదు. అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. మనవాళ్లు ఆర్‌డీటీ అంటారు. స్పెయిన్ దేశం నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో దాన్ని మొదలుపెట్టారు. ఆయన 2009లో చనిపోయారు. ఆ సంస్థ అనంతపురంలో పెద్ద ఆటస్థలాలు కట్టించింది. పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించింది. మగపిల్లలకూ ఆడపిల్లలకూ నేర్పించింది. పల్లెల పిల్లల జట్లతో అనంతపురం ఫుట్‌బాల్ లీగు నడిపింది.

దీనికి స్పెయిన్‌లోని లా లిగా సాయం చేసింది. లా లిగా అంటే లీగు అనే అర్థం. అందులో 20 జట్లు ఉన్నాయి. ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో రెండేసి సార్లు ఆడుతుంది. అంటే ఒక్కో జట్టుకు ఏడాదికి 38 ఆటలు. కోట్ల రూపాయల ఆటగాళ్లు ఆడతారు. అయినా లెక్క మాత్రం మన బోర్డు మీద రాసిన లెక్కే. గెలిస్తే 3, డ్రా అయితే 1, ఓడితే 0.

ఆడపిల్లకు ఈ ఆట తగునా?

మా రాత్రి బడిలో ఒక అవ్వ ఈ మాట అడిగింది. "చెడ్డీలు ఏసుకుని మగపిల్లోళ్ల మాదిరి ఎగరడమేంది?" అంది. అవ్వ ఒక్కతే కాదు, పెద్ద పెద్ద దేశాల్లోనూ ఈ మాట అన్నారు.

ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊరు ఉంది. అక్కడి ఫ్యాక్టరీలో మన మాదిరి కష్టం చేసుకునే ఆడవాళ్లు ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. 1920 డిసెంబరు 26న వాళ్ల ఆట చూడడానికి 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది, 1921 డిసెంబరులో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్లకు తన గ్రౌండ్లు ఇవ్వకూడదని తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్లకు తగదు అని చెప్పింది. ఆ అడ్డు దాదాపు 50 ఏండ్లు ఉంది. అయినా ఆడవాళ్లు ఆట మానలేదు. చిన్న చిన్న మైదానాల్లో ఆడుతూనే వచ్చారు. 1991లో చైనాలో ఆడవాళ్లకు మొదటి ప్రపంచ కప్పు జరిగింది.

దూరం ఎందుకు? నిజామాబాద్ జిల్లాలో ఒక తండా పిల్ల ఉంది. పేరు గుగులోత్ సౌమ్య. ఆమె మన దేశపు జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియా దేశం పోయి అక్కడి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఆమెను ఎంచారు. 2025 జులైలో మన దేశం ఆడపిల్లలు థాయిలాండును 2-1 తో ఓడించి ఆసియా కప్పుకు అర్హత సంపాదించారు.

అందరు పిల్లలూ సౌమ్యలు కాలేరు. ఆడిన ప్రతి పిల్లకూ ఉద్యోగమూ రాదు. అలా చెబితే అది అబద్ధం. అయినా ఆటతో వచ్చే మేలు ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడల కోటా ఉంది. విశ్వవిద్యాలయం తరఫున ఆడిన సర్టిఫికెట్టుకు అక్కడ విలువ ఉంది. ఒళ్లు గట్టిపడుతుంది. కొత్త ఊరికి పోయి రావడం తెలుస్తుంది. నలుగురిలో మాట్లాడడం వస్తుంది. ఓడిపోయి మళ్లీ లేవడం వస్తుంది. ఈ చివరిది బతుక్కి చాలా అవసరం.

పెండ్లి మాట కూడా చెప్పుకుందాం. 18 ఏండ్లు నిండకుండా ఆడపిల్లకు పెండ్లి చేయడం చట్టప్రకారం నేరం. 18 నిండిన వెంటనే చేసి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. డిగ్రీకి పట్టేది మూడు నాలుగు ఏండ్లే. ఆ ఏండ్లు తిరిగి రావు.

అమ్మలు ఏం చేయవచ్చు?

తిండి చూడండి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువగా ఉంది. పరిగెత్తే పిల్లకు తిండి ఇంకా ఎక్కువ కావాలి. రాగి సంగటి, ఆకుకూర, పప్పు, శెనక్కాయలు, బెల్లం, వీలైతే గుడ్డు పెట్టండి. మగపిల్లలకు పెట్టి మిగిలింది ఆడపిల్లకు అనే అలవాటు మానండి. కండ్లు తిరుగుతున్నాయంటే ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేయించండి.

నీళ్లు ఇచ్చి పంపండి. బహిష్టు రోజుల్లో ఆడవచ్చా అని పిల్లలు అడుగుతారు. ఒంట్లో బాగుంటే ఆడవచ్చు. నొప్పి ఎక్కువగా ఉంటే ఆగవచ్చు. అది పిల్ల ఇష్టానికి వదలండి.

అడిగి తెలుసుకోండి. పోటీ ఎక్కడ? ఎన్ని రోజులు? రాత్రి ఎక్కడ పడుకుంటారు? వెంట ఏ మేడం వస్తారు? ప్రయాణం ఖర్చు, భోజనం ఖర్చు కాలేజీ ఎంత ఇస్తుంది? ఇవి అడగడం తప్పు కాదు. అమ్మగా మీ హక్కు. పీడీ మేడం ఫోను నంబరు మీ చేత్తో రాసి పెట్టుకోండి.

కాగితాలు దాచండి. పదో తరగతి మార్కుల మెమో, కాలేజీ కార్డు, ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్టు ఒక సంచిలో పెట్టండి. సర్టిఫికెట్టు మీద పిల్ల పేరు, ఏడాది సరిగా ఉన్నాయా అని చదివి చూడండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!

మళ్లీ ఆ అక్క దగ్గరికి

ఆ రాత్రి బడి అయ్యాక ఆ అక్క ఏమీ చెప్పలేదు. పట్టిక తన నోటు పుస్తకంలో ఎక్కించుకుంది. ఇంటికి పోయి మొగునికి చూపించిందంట. "ఓడిపోయినోళ్లు కూడా పైకి వస్తారు, లెక్క చూడు" అనిందంట. పాప మిగతా రెండు ఆటలకూ పోయింది.

తర్వాతి వారం పేపరు వచ్చింది. నేను చదివి చెప్పబోయాను. "ఉండు టీచరమ్మా, నేను చదువుతా" అంది అక్క. రెండో ఆట 1-1, డ్రా. మూడో ఆట 2-0, గెలుపు. అక్క వేళ్ల మీద లెక్క పెట్టింది. "సున్న, ఒకటి, మూడు. నాలుగు పాయింట్లు."

ఇంకో జట్టుకు కూడా నాలుగు పాయింట్లే వచ్చాయి. అక్క మళ్లీ లెక్క వేసింది. "మా పాపోళ్లు వేసింది మూడు. ఇచ్చింది నాలుగు. ఒకటి తక్కువ. ఆ జట్టుకు ఒకటి ఎక్కువ. అందుకే మావాళ్లు మూడో చోట ఉండారు."

కప్పు రాలేదు. రెండో స్థానం కూడా రాలేదు. కానీ అక్క ముఖంలో బాధ లేదు. పేపరు జాగ్రత్తగా మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

"మొదటి రోజు మూడు గోల్స్ పడకుండా ఉంటే రెండో చోట ఉండేవాళ్లు" అంది. కాసేపు ఆగి, "వచ్చే ఏడు చూద్దాం" అంది.

పంపేదా వద్దా అని ఆమె మళ్లీ నన్ను అడగలేదు.

లెక్క చేయండి

1. ఒక జట్టు 3 ఆటలు ఆడింది. 1 గెలిచింది, 2 డ్రా చేసింది. దానికి ఎన్ని పాయింట్లు?
2. ఇంకో జట్టు 5 గోల్స్ వేసింది, 3 గోల్స్ ఇచ్చింది. గోల్స్ తేడా ఎంత?
3. 5 జట్లు లీగు ఆడితే మొత్తం ఎన్ని ఆటలు జరుగుతాయి? జట్లకు అ, ఆ, ఇ, ఈ, ఉ అని పేర్లు పెట్టి రాసి చూడండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఆడపిల్లలు ఆడుకోవడానికి చోటు ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?
2. మీరు చిన్నప్పుడు ఏ ఆటలు ఆడేవారు? ఎప్పుడు మానేశారు? ఎందుకు?
3. ఒకసారి ఓడిపోయి, మళ్లీ ప్రయత్నించి సాధించిన పని మీ బతుకులో ఏముంది? నాలుగు వాక్యాలు రాయండి.